పైన విమానం.. కింద ఆరుద్ర పురుగు!

శంషాబాద్ పేరు చెబితే అందరి చూపూ ఆకాశం వైపే. ల్యాండింగ్‌కి దిగే విమానాన్ని ఫోన్‌లో తీసి, పాట కలిపి రీల్‌గా పెట్టని కుర్రాళ్లు మా ఏరియాలో చాలా తక్కువ. నేను మాత్రం నాలుగేళ్లుగా ఇదే ఏరియాలో నేల మీద బోర్లా పడుకుని ఫోటోలు తీస్తున్నా. విమానాలు కాదు, పూలు, పురుగులు. గోరంత సీతాకోకచిలుక, మిరియమంత సాలీడు, ఆవగింజంత పువ్వు. వాటిని అంత దగ్గరగా తీయడాన్నే మాక్రో ఫోటోగ్రఫీ అంటారు.

నాది కార్గోలో నైట్ షిఫ్ట్. పొద్దున ఆరింటికి డ్యూటీ దిగుతా. ఊరంతా నిద్ర లేచే టైమ్‌కి నాకు నిద్ర ముంచుకొస్తుంటుంది. కానీ మాక్రోకి బంగారం లాంటి టైమ్ కూడా అదే. అందుకే రూమ్‌కి వెళ్లే ముందు ఓ గంట బండి పక్కన పెట్టి పొలం గట్టు ఎక్కుతా. నా దగ్గర లక్షల కెమెరా ఏమీ లేదు. ఒక ఫోను, ఒక క్లిప్ లెన్స్, కింద పరుచుకోవడానికి పాత దుప్పటి ముక్క. అంతే సరంజామా!

ఇంతకీ మాక్రో అంటే?

పుస్తకం లెక్క ప్రకారం, పురుగు ఎంత సైజులో ఉందో కెమెరా సెన్సర్ మీద దాని బొమ్మ కూడా అంతే సైజులో పడితే అది అసలైన మాక్రో. దీన్నే 1:1 అంటారు. పెద్ద కెమెరాలవాళ్లు దీనికోసం ప్రత్యేకంగా మాక్రో లెన్స్ కొంటారు. ఫోన్‌లో సెన్సర్ చాలా చిన్నది కాబట్టి మనం ఈ లెక్కల జోలికి పోనక్కర్లేదు. ఫ్రేమ్ నిండా పురుగు వచ్చిందా, కన్ను షార్ప్‌గా ఉందా అని చూసుకుంటే చాలు.

ఫోన్లలో ఇది రెండు రకాలుగా నడుస్తుంది. కొన్ని ఖరీదైన ఫోన్లలో అల్ట్రావైడ్ కెమెరాకే ఆటోఫోకస్ ఉంటుంది. 2021లో వచ్చిన ఐఫోన్ 13 ప్రోలో 2 సెంటీమీటర్ల దూరం నుంచి కూడా ఫోకస్ అయ్యేలా చేశారు. ఆ తర్వాత మిగతా కంపెనీల్లోనూ ఇది మామూలైపోయింది. బడ్జెట్ ఫోన్లలో ‘మాక్రో’ అని విడిగా ఒక 2 మెగాపిక్సెల్ కెమెరా ఇస్తుంటారు. నన్నడిగితే దాన్ని మర్చిపోండి. దాని బదులు మెయిన్ కెమెరాకి క్లిప్ లెన్స్ తగిలించండి. కొన్ని వందల రూపాయల్లో దొరికే ఆ చిన్న గాజుముక్కతో వచ్చే ఫోటో చూస్తే మీరే ఆశ్చర్యపోతారు.

ఒక్క చిక్కుంది. ఎంత దగ్గరకి వెళ్తే ఫోకస్ అంత పలచబడుతుంది. ఈగ కన్ను మీద ఫోకస్ పెడితే రెక్క మసక, రెక్క మీద పెడితే కన్ను మసక. ఒక మిల్లీమీటరు అటూ ఇటూ అయినా ఫోటో పోయినట్టే. ఊపిరి తీస్తే ఫోన్ కదులుతుంది. గాలి వీస్తే పువ్వు కదులుతుంది. మాక్రోలో సగం పని కెమెరాది కాదు, ఓపికది.

తంగేడు పువ్వులో ఇంత కథా?

తంగేడు మన రాష్ట్ర పుష్పం. బతుకమ్మలో గునుగు పక్కన పేర్చేదాకా దాన్ని మనం పెద్దగా పట్టించుకోం. శంషాబాద్ చుట్టుపక్కల బీళ్లలో, రాళ్ల గుట్టల పక్కన ఎక్కడ చూసినా ఉంటుంది. నేను మాక్రోలో మొదట పడిపోయింది దీనికే.

లెన్స్ పెట్టి దగ్గరగా చూడండి. పువ్వు మధ్యలో గోధుమరంగు కేసరాలు కనిపిస్తాయి. మందారంలో లాగా పుప్పొడి బయటికి రాలుతూ ఉండదు. కేసరం లోపల దాచిపెట్టి ఉంటుంది. బయటికి రావడానికి కొసన చిన్న రంధ్రం మాత్రమే ఉంటుంది. ఉప్పు డబ్బా మూతకి ఉండే బెజ్జం లాంటిది. మరి పుప్పొడి ఎలా వస్తుంది? తుమ్మెద వచ్చి కేసరాన్ని కాళ్లతో గట్టిగా పట్టుకుని, ఒంటిని జోరుగా వణికిస్తుంది. ఆ అదురుకి పుప్పొడి చిమ్ముకుంటూ బయటపడుతుంది. మామూలు తేనెటీగకి ఈ విద్య రాదు. పొద్దున్నే తంగేడు పొద పక్కన కూర్చుంటే తేడా చెవికే తెలుస్తుంది. ఎగిరేటప్పుడు ఒక రకం ‘జుమ్’, పువ్వు మీద వాలాక ఇంకో రకం ‘జుయ్’.

ఇంకో ముచ్చట. పువ్వులోంచి సన్నగా వంగి బయటికొచ్చే కాడ ఒకటి ఉంటుంది. కాయ కట్టే భాగం అది. కొన్ని పూలలో ఎడమకి, కొన్నింటిలో కుడికి వంగి ఉంటుంది. ఒకే చెట్టు మీద రెండు రకాలూ ఉంటాయి. మనలో ఎడమచేతి వాటం, కుడిచేతి వాటం ఉన్నట్టే అనుకోండి. ఎడమ పువ్వు మీద వాలినప్పుడు తుమ్మెద ఒంటికి ఒక పక్క అంటిన పుప్పొడి, కుడి పువ్వు కాడకి సరిగ్గా తగులుతుంది. ఏళ్ల తరబడి బతుకమ్మ పేర్చిన మా అమ్మకి ఈ ఫోటోలు రెండూ పక్కపక్కన పెట్టి చూపిస్తే, నమ్మలేక వెంటనే పెరట్లో చెట్టు దగ్గరికి వెళ్లి చూసొచ్చింది.

ఇక ఆకుల్ని తిరగేయండి. లేత ఆకు మీద నిలువుగా అతికించిన నూకగింజ లాంటిది కనిపిస్తే అది సీతాకోకచిలుక గుడ్డు అయ్యుండొచ్చు. లేత పసుపు, లేత ఆకుపచ్చ రెక్కలతో ఎగిరే ‘ఎమిగ్రెంట్’ సీతాకోకచిలుకలు తంగేడు జాతి మొక్కలనే వెతుక్కుని గుడ్లు పెడతాయి. ఎమిగ్రెంట్ అంటే వలసపోయేవాడు అని అర్థం. రోజూ ఎంతోమంది గల్ఫ్‌కీ అమెరికాకీ బ్యాగులు సర్దుకుని వెళ్లే ఎయిర్‌పోర్ట్ పక్కన ఈ పేరు వింటే నాకు నవ్వొస్తుంది.

జిల్లేడు చెట్టు ఒక సినిమా హాలు

రథసప్తమి నాడు తప్ప జిల్లేడుని ఎవరూ ముట్టుకోరు. కొత్తగా మాక్రో మొదలుపెట్టేవాళ్లకి మాత్రం ఇంతకంటే మంచి స్టూడియో లేదు. చెట్టు దొరకని చోటు ఉండదు. పైగా దాని మీద ఒకేసారి నాలుగైదు కథలు నడుస్తుంటాయి.

కొమ్మ చివర పసుపు రంగులో గుంపుగా అతుక్కుని పేనుబంక ఉంటుంది. అది కదలదు కాబట్టి ఫోకస్ ప్రాక్టీస్‌కి బెస్ట్. దాని ఒంట్లోంచి వచ్చే తియ్యటి చుక్కల కోసం చీమలు కాపలా కాస్తుంటాయి. ఆ పేనుబంకని తినడానికి అక్షింతల పురుగు వస్తుంది. ఎర్రటి డిప్ప మీద నల్ల చుక్కలుండే ఈ పురుగు ఎండలో మెరిసిపోతుంది. డిప్పలో ఆకాశం, చెట్టు, ఫోన్ పట్టుకున్న మన నీడ కూడా కనిపిస్తాయి.

ఆకు కింద తెలుపు, నలుపు, పసుపు చారలతో ఒక గొంగళి పురుగు దొరికితే మీ పంట పండినట్టే. అది ‘ప్లెయిన్ టైగర్’ సీతాకోకచిలుక పిల్ల. జిల్లేడు పాలలోని విషాన్ని తిని ఒంట్లో దాచుకుంటుంది. పెద్దయ్యాక నారింజ రెక్కలతో తాపీగా ఎగురుతుంది. ఒకసారి రుచి చూసిన పిట్ట మళ్లీ దాని జోలికి రాదు. ఈ భయాన్ని వాడుకునే ఘనులు కూడా ఉన్నారు. ‘డనాయిడ్ ఎగ్‌ఫ్లై’ అనే సీతాకోకచిలుకలో ఆడది అచ్చం ప్లెయిన్ టైగర్ వేషం వేసుకుంటుంది. దాని ఒంట్లో ఆ విషం ఉండదు. వేషమే దానికి రక్షణ. దీని పిల్లలు పెరిగేది ఎక్కడో తెలుసా? మనం పప్పులో వేసుకునే గంగవాయిల కూర జాతి మొక్కల మీద!

నాలుగు చినుకులు పడితే చాలు

మృగశిర కార్తె పోయి ఆరుద్ర వచ్చే రోజులంటే నాకు పండగ. జూన్ నెలాఖరు అన్నమాట. మొదటి వానలకి ఎర్ర నేల తడిసిన మర్నాడు పొద్దున చూడాలి, నేల మీద ఎవరో కుంకుమ చల్లినట్టు ఆరుద్ర పురుగులు తిరుగుతుంటాయి. పేరులో పురుగు ఉన్నా ఇది కీటకం కాదు. కాళ్లు లెక్కపెట్టండి, ఎనిమిది ఉంటాయి. కీటకానికి ఆరే. అంటే ఇది సాలీడుకీ తేలుకీ చుట్టం. ఏడాదిలో ఎక్కువ భాగం మట్టిలోనే ఉండి, వానలు పడ్డాక కొద్ది రోజులే పైకి వస్తుంది. ఆ నాలుగు రోజులు పట్టుకోలేకపోతే మళ్లీ వచ్చే ఏడే.

దీన్ని తీసేటప్పుడు ఒక కిటుకు ఉంది. ఎరుపు మరీ గాఢంగా ఉండటంతో ఫోన్ తికమకపడి మొత్తం ఎర్ర ముద్దలా చూపిస్తుంది. స్క్రీన్ మీద పురుగుని నొక్కి పట్టుకుంటే ఫోకస్ లాక్ అవుతుంది. తర్వాత పక్కనే వచ్చే సూర్యుడి గుర్తుని కిందకి లాగి వెలుతురు కాస్త తగ్గించండి. అప్పుడు ఒంటి మీద మఖ్మల్ లాంటి వెంట్రుకలు ఒక్కొక్కటీ విడిగా కనిపిస్తాయి.

పోయిన ఏడాది ఇలాగే నర్కూడ దగ్గర బీడులో పడుకుని తీస్తుంటే మేకలు తోలుకుని ఒక పెద్దమ్మ వచ్చింది.

‘‘ఏం దేవులాడుతున్నవ్ బిడ్డా? ఏమన్న పోగొట్టుకున్నవా?’’

‘‘లేదు పెద్దమ్మా, ఆరుద్ర పురుగుల ఫోటో తీస్తున్నా.’’

‘‘ఫోటోనా! మా చిన్నప్పుడు గీటిని అగ్గిపెట్టెల ఏస్కొని ఆడుకునేటోళ్లం. గప్పుడు చేన్ల నిండ ఉండె. ఇప్పుడేడున్నయ్ బిడ్డా, చేన్లే లేకపాయె.’’

ఆమె మేకల్ని అదిలించుకుంటూ వెళ్లిపోయింది. నేను మాత్రం ఆ రోజు ఇంకో ఫోటో తీయలేకపోయా.

చేన్లే లేకపాయె..

2008 మార్చిలో ఇక్కడ ఎయిర్‌పోర్ట్ మొదలైంది. దాదాపు 5,500 ఎకరాలు. ఆ తర్వాత ఔటర్ రింగ్ రోడ్డు, హోటళ్లు, గోదాములు, వెంచర్లు. దానికి ముందే 1996లో జీవో 111 వచ్చింది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలను కాపాడటానికి చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలో, 84 గ్రామాల్లో పెద్ద కట్టడాలపై ఆంక్షలు పెట్టారు. శంషాబాద్ మండలంలోని ఊళ్లూ అందులో ఉన్నాయి. అది చెరువుల కోసం చేసిన ఏర్పాటే కానీ, బీళ్లు, గట్లు, పూల చేన్లు కూడా దాని చాటున మిగిలాయి. 2022లో ఆ ఆంక్షల్ని సడలిస్తూ ప్రభుత్వం జీవో 69 ఇచ్చింది.

అభివృద్ధి వద్దని నేను అనను. నా జీతం వచ్చేదే ఆ ఎయిర్‌పోర్ట్ మీద. ఇల్లు కట్టుకోవాలని నాకూ ఉంది. కాకపోతే నేను తిరిగే బీడులో సగం ఈ ఏడాది లేఅవుట్ అయింది. హద్దురాళ్లు పాతారు, మట్టిరోడ్డు వేశారు, తంగేడు పొదలు జేసీబీతో లేపేశారు. మిగతా సగంలో గడ్డిమందు కొట్టారు. మందు కొట్టిన చోట గడ్డిచామంతి లేదు. గడ్డిచామంతి లేకపోతే దాని తేనె మీద ఆధారపడే నీలి సీతాకోకచిలుకలు కూడా లేవు. ఎవరూ వాటిని చంపలేదు. వాటికి తినడానికి ఏమీ మిగల్లేదు, అంతే.

అప్పుడు నా ఫోన్ గ్యాలరీ తెరిచి చూశా. ఆ బీడులో నాలుగేళ్లలో ఏయే నెలలో ఏ పువ్వు పూసిందో, ఏ పురుగు వచ్చిందో తేదీలతో సహా ఉంది. లైకుల కోసం తీసిన ఫోటోలే ఆ రెండెకరాలకి ఇప్పుడు మిగిలిన రికార్డు. ఆ రోజు నుంచి ప్రతి ఫోటోనీ ‘ఐనేచురలిస్ట్’లో కూడా పెడుతున్నా. 2008లో అమెరికాలోని బర్క్‌లీలో విద్యార్థుల ప్రాజెక్టుగా మొదలైన యాప్ ఇది. మీరు తీసిన పురుగు పేరేంటో మీకు తెలియకపోయినా ఫర్వాలేదు. తేదీ, చోటు, ఫోటో ఉంటే చాలు. తెలిసినవాళ్లు చూసి పేరు చెబుతారు. మరికొందరు కూడా అదేనని ఒప్పుకుంటే అది పరిశోధకులు వాడుకునే సమాచారం అవుతుంది. రేపు ఎవరైనా ‘శంషాబాద్‌లో ఒకప్పుడు ఏముండేవి?’ అని అడిగితే జవాబు అక్కడ ఉంటుంది.

టికెట్ లేకుండా ఆఫ్రికాకి

ఎయిర్‌పోర్ట్ పక్కన ఉంటూ తూనీగ గురించి చెప్పకపోతే ఎలా? వానాకాలంలో ఖాళీ స్థలాల మీద ఛాతీ ఎత్తులో గుంపులు గుంపులుగా తిరిగే బంగారు రంగు తూనీగల్ని మీరూ చూసే ఉంటారు. వాటి పేరు ‘వాండరింగ్ గ్లైడర్’. ఇవి మన దేశం నుంచి హిందూ మహాసముద్రం దాటి తూర్పు ఆఫ్రికాకి వెళ్తాయని మాల్దీవుల్లో పనిచేసిన జీవశాస్త్రవేత్త చార్లెస్ ఆండర్సన్ 2009లో ప్రతిపాదించారు. రానూపోనూ ప్రయాణం ఒక్క తూనీగ జీవితంలో పూర్తవదు. వెళ్లేది ఒక తరం, తిరిగొచ్చేది ఆ తర్వాతి తరాలు.

పగలంతా ఇది ఎగురుతూనే ఉంటుంది. ఫోటోకి దొరకదు. కానీ తెల్లవారుజామున ఏ ఎండు పుల్లకో నిలువుగా వేలాడుతూ, రెక్కల నిండా మంచు బిందువులతో కదలకుండా ఉంటుంది. అప్పుడు దాని కళ్లు తీయాలి. తూనీగ కంట్లో 30 వేల దాకా చిన్న చిన్న కటకాలుంటాయి. మీ ఫోటోలో వాటిలో కొన్ని గళ్లు కనిపించినా ఆ రోజంతా నిద్ర పట్టదు. నైట్ షిఫ్ట్ చేసొచ్చిన నాకే పట్టలేదు!

నేను పాటించే కిటుకులు

* టైమ్: ఆరున్నర నుంచి ఎనిమిది లోపు. పురుగుల ఒంటికి సొంత వేడి తక్కువ. ఎండ తగిలేదాకా చురుగ్గా కదల్లేవు. వెలుతురు కూడా మెత్తగా ఉంటుంది.
* లెన్స్ తుడవండి: ఫోన్ జేబులో ఉండి ఉండి లెన్స్ మీద జిడ్డు పేరుకుంటుంది. సగం మసక ఫోటోలకి కారణం అదే.
* నీడ పడనివ్వొద్దు: పురుగుకి పిట్ట నీడా, మీ నీడా ఒకటే. సూర్యుడు మీ పక్కన ఉండేలా చూసుకుని నెమ్మదిగా జరగండి.
* దాని ఎత్తుకి దిగండి: నిలబడి పైనుంచి తీస్తే అది పురుగు ఫోటో. పడుకుని కంటికి కన్ను పెట్టి తీస్తే అది దాని పోర్ట్రెయిట్.
* మోచేతులు నేలకి ఆనించండి: ఊపిరి వదిలి, ఆపి, బర్స్ట్‌లో పది పదిహేను తీయండి. ఒక్కటి బాగొస్తే చాలు.
* సీతాకోకచిలుకకి పక్కనుంచి: రెక్కలు మూసుకుని కూర్చుంటే ఫోన్‌ని రెక్కకి సమాంతరంగా పెట్టండి. రెక్క మొత్తం ఫోకస్‌లో ఉంటుంది.
* ఎండ ఎక్కువైతే: ఒక చేత్తో తెల్ల టిష్యూ కాగితం అడ్డుపెట్టండి. గట్టి నీడలు పోతాయి. నీడ వైపు వెలుతురు కావాలంటే తెల్ల కాగితం పట్టుకుంటే సరిపోతుంది.

ఇవి మాత్రం వద్దు

ఫోటో కోసం పురుగుల్ని ఫ్రిజ్‌లో పెట్టి మొద్దుబార్చేవాళ్లు, జిగురుతో ఆకుకి అతికించేవాళ్లు ఉన్నారు. నెట్‌లో వైరల్ అయ్యే కొన్ని ‘అద్భుత’ ఫోటోల వెనకున్న కథ ఇదే. కప్ప మీద పురుగు స్వారీ చేస్తున్నట్టుంటే కాస్త అనుమానించండి. గొంగళి పురుగున్న కొమ్మని తెంపుకుని ఇంటికి తేవద్దు. ఆరుద్ర పురుగుల్ని నూనె, మందుల పేరుతో ఏరి అమ్మే వ్యాపారం ఉంది. దానికి మీ లొకేషన్ దారి చూపకుండా యాప్‌లో ఖచ్చితమైన చోటుని దాచిపెట్టే ఆప్షన్ వాడండి.

మీ సంగతి కూడా చూసుకోవాలి. నల్లటి ఒంటి మీద నారింజ పట్టీలతో పూలు కొరుక్కు తినే ‘బ్లిస్టర్ బీటిల్’ని చేత్తో ముట్టుకోవద్దు. దాని ద్రవం తగిలితే చర్మం బొబ్బలెక్కుతుంది. పొదల్లో రక్తపింజర్లు ఉంటాయి. బూట్లు వేసుకోండి. పడుకునే ముందు కర్రతో గడ్డి తట్టండి. ఎయిర్‌పోర్ట్ ప్రహరీ దగ్గర కెమెరాతో తచ్చాడొద్దు, డ్రోన్ జోలికి అసలే పోవద్దు. అక్కడ సెక్యూరిటీ ఊరికే వదలరు. లోపల పురుగులు పెద్దగా ఉండవు కూడా. పురుగులుంటే పిట్టలొస్తాయి, పిట్టలొస్తే విమానాలకి ప్రమాదం. అందుకే ఏ ఎయిర్‌పోర్ట్‌లోనైనా గడ్డిని లెక్కగా పెంచుతారు. మనకి కావాల్సినవి గోడ బయటే ఉంటాయి.

ఎప్పుడు, ఎక్కడ?

జూన్, జూలైలో ఎర్ర నేలలున్న బీళ్లలో ఆరుద్ర పురుగులు. జూలై చివరి వారంలో ‘నేషనల్ మాత్ వీక్’ జరుగుతుంది. మేడ మీద తెల్ల దుప్పటి కట్టి లైటు వేసి కూర్చుంటే రాత్రి సీతాకోకలు వాటంతటవే వస్తాయి. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా సీతాకోకచిలుకల సీజన్. సెప్టెంబరులో దేశమంతా ‘బిగ్ బటర్‌ఫ్లై మంత్’ పేరుతో వాటిని లెక్కపెడతారు. అప్పుడే గునుగు, తంగేడు కూడా పూస్తాయి. హిమాయత్‌సాగర్ అంచున తడి మట్టి మీద మగ సీతాకోకచిలుకలు లవణాల కోసం గుంపుగా వాలతాయి. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు మంచు బిందువుల కాలం. సినిమా షూటింగ్‌లు చూడ్డానికి అమ్మపల్లి గుడికి వెళ్లేవాళ్లు ఆ దారి పక్కన చేన గట్ల మీద కూడా ఒకసారి ఆగి చూడండి. బండి లేకపోతే ఇంటి మేడ మీద కరివేపాకు కుండీ అయినా సరే. దాని ఆకుల మీద పిట్టరెట్టలా కనిపించే చిన్న గొంగళి పురుగు ఉందేమో వెతకండి. ఉంటే తుడిచేయకండి. రెండు మూడు వారాల్లో అక్కడే సీతాకోకచిలుక రావొచ్చు.

బతుకమ్మకి గునుగు కోయడానికి ఈసారి ఎవరింట్లోవాళ్లు ఏ బీడుకి వెళ్తారో కనుక్కుని వాళ్లతో వెళ్లండి. కోసే ముందు రెండు ఫోటోలు తీసి, తేదీ, ఊరి పేరు రాసిపెట్టుకోండి. వచ్చే ఏడు అదే బీడుకి వెళ్లి మళ్లీ రెండు తీయండి. మా దగ్గర మిగిలిన ఎకరంలో నేను చేస్తున్నది అదే. జేసీబీ అక్కడిదాకా వచ్చేలోపు ఈ వానాకాలం మొత్తం నాదే.